మూడు ముక్కల రోడ్డు

శవం రోడ్డు మధ్యలో వెల్లకిలా ఉంది.

కాళ్ళు తిన్నగా చాపి ఉన్నాయి. చేతులు రెండూ గుండెల మీదికి చేర్చి ఉన్నాయి. ముఖం మీద కండువా కప్పి ఉంది. కుడికాలు మోకాలి కింద విరిగింది. పంచె నెత్తుటితో అట్టకట్టింది.

1936 నవంబరు 18, బుధవారం. ఉదయం తొమ్మిదింబావు.

ఏలూరు సబ్ ఇనస్పెక్టరు సత్యానందం కుంటుకుంటూ దగ్గరికి వచ్చాడు. నిన్న సాయంత్రం బస్సు కుదుపుకి ముందున్న ఇనప కమ్మీ మోకాలికి కొట్టుకుంది. ఇంకా నెప్పి తగ్గలేదు. వంగి కండువా ఎత్తి చూశాడు. మళ్ళీ కప్పేశాడు.

"తెలిసినాయనే అండి?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ తాతాజీ.

"అబ్రహాం. మిషన్ బోర్డింగులో నాకంటే మూడేళ్ళు చిన్న."

"ఈ లంక స్కూలుకి మాస్టారండి. భార్య సువర్ణ గారు. ఇంటి దగ్గరున్నారు."

"మొదట ఎవరు చూశారు?"

"రత్నమాణిక్యం అని అండి, పాలు పోసే ఆవిడ. ఆరింటికి."

"కండువా కప్పింది ఆవిడేనా?"

"కాదంటందండి. ఇలాగే ఉందంట. చేతులు కూడా ఇలాగే ఉన్నాయంట."

చంపినవాడు చేతులు చేర్చి, ముఖం కప్పి వెళతాడా? సత్యానందం ఆ ప్రశ్న నోటుబుక్కులో రాసుకున్నాడు. రాసుకుని ఊరుకున్నాడు.

మ్యాపులో అది ఒకే రోడ్డు. ఏలూరు నుంచి కలిదిండి దాకా ఒకే ఎర్రగీత. నేల మీద మాత్రం మూడు ముక్కలు. మొదటి ముక్క ఏలూరు నుంచి గుల్లరేవు దాకా, తొమ్మిది మైళ్ళు. గుండుగొలను అవతలి మెరకల నుంచి తెచ్చిన గ్రావెలు పరిచి, బస్సు తిరిగేలా చేశారు. గుల్లరేవులో కొల్లేరు అడ్డం. మైలు వెడల్పు నీళ్ళు దాటితే ఈ పొన్నలంక. లంక మీద రెండో ముక్క, రెండున్నర మైళ్ళు. నల్లమట్టి మీద నత్తగుల్లలు పోసి దిమ్మిస కొట్టారు. మళ్ళీ నీళ్ళు. ఆ నీళ్ళ అవతల మూడో ముక్క. ఎండాకాలం నీళ్ళు తీస్తే బళ్ళు అడ్డంపడి పోతాయి. మిగతా నెలలన్నీ పడవే దిక్కు.

"నిన్న మాస్టారు ఎక్కడికెళ్ళారు?"

"ఏలూరండి. ఇంజనీరు గారి దగ్గరికి. ఈ ముక్కలు కలపమని అర్జీ ఇవ్వడానికి. పదకొండో అర్జీ అంటండి ఇది."

"ఎందుకంత పట్టుదల?"

తాతాజీ గొంతు తగ్గించాడు. "మూడేళ్ళ కింద వాళ్ళ పాప పోయిందండి. జ్వరం. గాలికి పడవ కదల్లేదు. అవతల రేవులో బస్సు హారను వినపడతానే ఉందంట. పాప ఈవలే పోయింది."



"రోడ్డు కలిస్తే నష్టం ఎవరికి?"

"పెద్దిరాజుకండి. రేవు పడవ అతందే. మొన్న ఆదివారం రేవులో పదిమంది ముందు అన్నాడు. 'రోడ్డు కలిపిన్నాడు నీ కాళ్ళిరిచేత్తాను మాస్టారూ' అని."

సత్యానందం శవం కాలుకేసి చూశాడు.

పది నలభైకి వాళ్ళు గుల్లరేవులో దిగారు. ఒడ్డున రెండో పడవలో పెద్దిరాజు వంగి, కొబ్బరిపీచుతో అడుగుచెక్కలు తోముతున్నాడు. చెక్కల సందుల్లో ఎండిన నెత్తురు.

"ఏమిటది?"

"చేప నెత్తురనుకుంటన్నానండి బాబూ. పొద్దున్నే చూశాను."

"నిన్న ఆఖరి పడవ ఎన్నింటికి?"

"ఆరున్నరకండి."

"మాస్టారు ఎక్కాడా?"

"లేదండి. రాలేదు."

"రాకుండా లంకలోకి ఎలా వెళ్ళాడు? ఈదుకుంటూనా?"

"నాకు తెలవదండి."

"ఇటువైపు నీ పడవ కాక ఇంకోటి ఉందా?"

"నిన్న లేదండి. మిమ్మల్ని తెచ్చింది లంకోళ్ళ పడవండి, పొద్దున్నే వచ్చింది."

"ఆరున్నర తరవాత నువ్వెక్కడున్నావు?"

"కల్లు తాగి పడుకున్నానండి."

"చూసినవాళ్ళు?"

"ఎవురు చూత్తారండి, ఒంటోణ్ణి."

బెదిరింపు ఉంది. విరిగిన కాలు ఉంది. పడవలో నెత్తురు ఉంది. ఇంకేం కావాలి? పదకొండు కొట్టేసరికి పెద్దిరాజు చేతులకి బేడీలు పడ్డాయి.

గురువారం మధ్యాహ్నం పోస్ట్‌మార్టం రిపోర్టు వచ్చింది. కాలి ఎముక విరిగింది, మూడు పక్కటెముకలు విరిగాయి, లోపల రక్తస్రావం. దెబ్బలు తగిలిన రెండు మూడు గంటలకి, సుమారు ఎనిమిదిన్నరకి ప్రాణం పోయింది. మొద్దుబారిన బరువైన ఆయుధం. అరచేతుల్లో, మోచేతుల్లో సన్నని గ్రావెలు రాళ్ళు.

రోడ్డు మీద పడ్డవాడి చేతుల్లో రోడ్డు రాళ్ళు కాక ఇంకేముంటాయి? సత్యానందం కాయితం ఫైలులో పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదికి తాతాజీ వచ్చి నిలబడ్డాడు.

"మీరు టిఫిను చేసి రండి సార్. ఈలోగా అతనితో నేను మాట్లాడతాను."

ఆ మాటకి అర్థం సత్యానందానికి తెలుసు. తెలిసే టోపీ పెట్టుకున్నాడు. హోటల్లో ఇడ్లీ తిన్నాడు. కాఫీ తాగాడు. లేవబోయి, కూర్చుని, ఇంకో కాఫీ చెప్పాడు.

తిరిగొచ్చేసరికి నేరం ఒప్పుకున్న కాయితం మీద వేలిముద్ర ఆరుతోంది. లాకప్ మూలన పెద్దిరాజు ఎడమ చెవి పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లోంచి సన్నగా నెత్తురు కారుతోంది.

"ఏమైంది?"

"జారి పడ్డాడండి," అన్నాడు తాతాజీ.

సత్యానందం మళ్ళీ అడగలేదు.

శనివారం ఉదయం పది దాటింది. సువర్ణ స్టేషనుకి వచ్చింది. తెల్లచీర. వెంట ఎవరూ లేరు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏవండీ, పెద్దిరాజు ఒప్పుకున్నాడని చెప్పారు. నిజమేనాండీ?"

"నిజమేనమ్మా."

"ఎక్కడ కొట్టాడంటండీ?"

"లంకలోనే. రోడ్డు మీద."

ఆమె చీరకొంగు ముడి విప్పింది. టేబులు మీద ఆరేడు రాళ్ళు దొర్లాయి. సెనగగింజంత రాళ్ళు. ఎర్రగా ఉన్నాయి.

"సమాధికి ముందు నేనే కడిగానండీ ఆయన్ని. అరచేతుల్లోంచి ఇవి తీశాను. మొదట నెత్తురంటి ఎరుపనుకున్నాను. ఎంత కడిగినా ఎరుపు పోదు. రాయే ఎరుపండీ." ఆమె రాళ్ళని వేలితో విడదీసింది. "మా లంకలో అంతా నల్లమట్టి, గుల్లలు. ఎర్రరాయి మా నేల మీద ఒక్కటైనా ఉందేమో మీరే వెతికించండి. ఈ రాళ్ళు రేవుకి ఇవతలివండీ."

సత్యానందం ఒక రాయి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

మ్యాపులో ఒకే రోడ్డు. అతని బుర్రలో కూడా ఒకే రోడ్డు. అబ్రహాం పడింది ఒక ముక్క మీద, దొరికింది ఇంకో ముక్క మీద. రెండో ముక్క మీద ఇంతవరకు మోటారు చక్రం ఆనలేదు. అందుకే విరిగిన కాలునీ పక్కటెముకల్నీ చూసి ఎవరికీ మోటారు తట్టలేదు. కర్రే తట్టింది.

కాని మొదటి ముక్క మీద మోటారు ఉంది. ఒక్కటే ఉంది.

మోకాలు ఒక్కసారి సలిపింది.

మంగళవారం సాయంత్రం ఆ బస్సులో ముందు సీట్లో కూర్చున్నది తనే. గుల్లరేవులో వలల దొంగతనం ఎంక్వయిరీకి వెళ్ళాడు. అయిదింటికి కదలాల్సిన బస్సుని అరగంట ఆపించాడు. ఎక్కాక డ్రైవరు ముస్తాక్‌ని తొందరపెట్టాడు. ఏలూరులో ఆరున్నరకి డిప్యూటీ సూపరింటెండెంటుగారి వీడ్కోలు టీ పార్టీ. 'తొక్కవయ్యా, తొక్కు.' చీకటి పడుతోంది. తుంపర. ఎనిమిదో మైలురాయి దాటాక కుదుపు. మోకాలికి దెబ్బ. 'ఏంటది?' అన్నాడు. 'గుంటండి,' అన్నాడు ముస్తాక్.

గుంటలో పడితే చక్రం దిగుతుంది. ఆ రోజు చక్రం దిగలేదు. పక్కన ఏదో తగిలిన చప్పుడు. అది అతని చెవిన పడింది.

"కూర్చోండమ్మా," అన్నాడు సత్యానందం. "పెద్దిరాజుకి ఆస్పత్రిలో చెవి చూపించు, తాతాజీ. ఇప్పుడే. నేను రేవుకి వెళుతున్నాను."

బస్సు స్టీరింగు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. బుధవారం కూడా అతనే ఉన్నాడు. ఆవేళ అడగని ప్రశ్న ఇప్పుడడిగాడు.

"ముస్తాక్ ఏడీ?"

"బుధారం నుంచి డ్యూటీకి రాలేదండి. తాడేపల్లిగూడెంలో అక్క దగ్గరున్నాడంట. జ్వరమంటండి."

ఎనిమిదో మైలురాయి దగ్గర సత్యానందం దిగిపోయాడు. ఏలూరు వైపు నడిచాడు. రెండు ఫర్లాంగులు. రోడ్డువార తూటుపొదల్లో గొడుగు. మూడు ఊచలు వంగిపోయాయి. పిడి మీద చాకుతో చెక్కిన అక్షరాలు: అబ్రహాం.

పక్కన గ్రావెలు మీద వేళ్ళతో గీరుకుంటూ పాకిన జాడ. వాన దాన్ని సగమే చెరిపింది. జాడ ఏలూరు వైపు లేదు. రేవు వైపు ఉంది.

అతను ఆ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఒక్క బండి రాలేదు, ఒక్క మనిషి రాలేదు.

ఆదివారం ఉదయం రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళాడు. ముస్తాక్ అక్క కుల్సుమ్ తలుపు తీసింది. పోలీసు బట్టలు చూసి ఏడవలేదు. పక్కకి తప్పుకుంది.

"అయిదు రోజులైందండీ, అన్నం సరిగా ముట్టుకోడు. మీరే అడగండి," అంది.

ముస్తాక్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముప్ఫయ్యేళ్ళవాడు. గడ్డం మాసింది.

"వస్తారని తెలుసండి," అన్నాడు.

"ఎప్పుడు వెనక్కి వెళ్ళావు?"

"మిమ్మల్నందరినీ దింపగానే అండి. ఆరూ ఇరవైకి దింపాను. షెడ్డుకి పోకుండా బండి తిప్పాను. అక్కడికి చేరేసరికి ఏడూ ఇరవై. ప్రాణంతోనే ఉన్నాడండి. ఏలూరు ఆస్పత్రికి పోదామన్నాను. వద్దన్నాడు. 'ఇంటికి, ఇంటికి' అన్నాడు. బస్సెక్కించుకుని రేవుకి తీసుకెళ్ళాను. పెద్దిరాజుని లేపితే లేవలేదు, తాగున్నాడు. నేను ఏలూరు కాలవ ఒడ్డున పుట్టినోణ్ణండి, గడ వెయ్యడం వచ్చు. పడవలో పడుకోబెట్టాను. సగం దూరంలో మాట ఆగిపోయింది. ఒడ్డు చేరేసరికి..."

ఆగాడు.

"ఇంటి దాకా మొయ్యాలనుకున్నానండి. వాళ్ళావిడ తలుపు తీస్తే ఏం చెప్పను? భయమేసింది. చేతులు చేర్చాను. ముఖం కప్పాను. వచ్చేశాను."

"పెద్దిరాజుని పట్టుకున్నారని తెలుసా?"

"నిన్న తెలిసిందండి. బయల్దేరదామని లేచాను. గుమ్మం దాటలేకపోయాను."

తరవాత ముస్తాకే మెల్లిగా అన్నాడు.

"తొందర పెట్టింది మీరని నేను చెప్పనండి. మీ పేరు నా నోట రాదు."

సత్యానందం తలెత్తలేదు.

"ఒక్కటి మాత్రం అడగాలండి. 'ఏంటది' అని అడిగారు. 'గుంటండి' అన్నాను. మీరు మళ్ళీ అడుగుతారేమోనని మీ ముఖంకేసి చూశానండి. అడిగితే ఆపేద్దును. మీరు గడియారం చూసుకున్నారు."

తిరుగు రైల్లో ఇద్దరూ ఎదురుబదురుగా కూర్చున్నారు. బేడీలు వెయ్యలేదు. గంట ప్రయాణంలో సత్యానందం మనసు వంద దారులు వెతికింది. ముస్తాక్ చెప్పనన్నాడు. ఆ సాయంత్రం బస్సులో వెనక సీట్లలో ఉన్నది నలుగురే, టార్పాలిను కప్పుకుని నిద్రపోయారు. ఎవరికి తెలుస్తుంది? ఇంటి దగ్గర తల్లి ఉంది. సంఘంలో తన పేరు చెప్పి పిల్లల్ని బడికి పంపుతారు. నిజం కనిపెట్టింది తనే గదా. అది చాలదా?

భీమడోలు స్టేషను దాటేసరికి అతనికే తెలిసిపోయింది. ఆ సాయంత్రం బస్సులోలాగే, మనసు అడుగుతున్నది మొదటి ప్రశ్న మాత్రమే. రెండో ప్రశ్న జోలికి పోవడం లేదు.

సోమవారం, 23వ తేదీ. ఉదయం పదింటికి గుల్లరేవు.

సర్కిల్ ఇనస్పెక్టరు కుర్చీలో కూర్చున్నారు. బస్సు యజమాని గొడుగు కింద నిలబడ్డాడు. తాతాజీ, చెవికి కట్టుతో పెద్దిరాజు, తలొంచుకున్న ముస్తాక్. లంక నుంచి వచ్చిన జనం మధ్య సువర్ణ.

సత్యానందం టేబులు మీద రెండు గుప్పిళ్ళు పోశాడు. ఒకటి నలుపూ తెలుపూ. ఒకటి ఎరుపు.

"ఇది లంక రోడ్డు. ఇది ఈ రోడ్డు. మాస్టారి అరచేతుల్లో దొరికినవి ఎర్రరాళ్ళు. డాక్టరుగారు రిపోర్టులో రాశారు. నేను చదివాను. చదివి వదిలేశాను. గుర్తుపట్టింది సువర్ణ గారు."

గొడుగు చూపించాడు. జాడ సంగతి చెప్పాడు. టైములు చెప్పాడు. అయిదూ ముప్ఫై అయిదుకి బస్సు కదిలింది. బస్సు దొరక్క ఏలూరు నుంచి నడిచి వస్తున్న మాస్టారికి అయిదూ నలభైకి దెబ్బ. ఏడూ ఇరవైకి ముస్తాక్ తిరిగి వచ్చాడు. ఎనిమిదిన్నరకి పడవలో ప్రాణం పోయింది.

"పడవలో నెత్తురు అందుకే ఉంది. పెద్దిరాజు చెప్పిన ప్రతి మాటా నిజం. మాస్టారు ఆ సాయంత్రం అతని పడవ ఎక్కలేదు. రాత్రి ముస్తాక్ ఎక్కించినప్పుడు అతను నిద్రలో ఉన్నాడు."

సర్కిల్ ఇనస్పెక్టరు తల పంకించారు. "భేషయ్యా. డ్రైవరు మీద ర్యాష్ డ్రైవింగ్ కేసు. పెద్దిరాజుని వదిలెయ్యండి. ఇంతేగా?"

"ఇంకోటి ఉందండి. బస్సుని అరగంట ఆపించి చీకట్లో పడేసిన మనిషి. తొక్కమని తొందరపెట్టిన మనిషి. చప్పుడు విని కూడా పోనిచ్చిన మనిషి."

"ఎవరది?"

"ముందు సీటులో ఉన్నది నేనేనండి."



సర్కిల్ ఇనస్పెక్టరు లేచి అతన్ని పక్కకి పిలిచారు. గొంతు తగ్గించి అన్నారు. "ప్యాసింజరు మీద కేసు లేదు గదయ్యా. నీ పేరు ఇందులో అవసరమా?"

"మొదటి సాక్షిని నేనేనండి. స్టేట్‌మెంటు రాసి తెచ్చాను. పెద్దిరాజు చెవి సంగతి కూడా అందులో ఉంది. తాతాజీ కొట్టాడు. కొడతాడని తెలిసే నేను బయటికి వెళ్ళాను."

తాతాజీ ముఖం పాలిపోయింది.

సువర్ణ జనంలోంచి ముందుకి వచ్చింది. కేకలు వెయ్యలేదు.

"ఏవండీ, ఆ చప్పుడు మీకు బాగా వినపడిందాండీ?"

"వినపడిందమ్మా."

"ఆయన అక్కడ ఎంతసేపు ఉన్నారండీ?"

"గంటా నలభై నిమిషాలు."

"అంతసేపట్లో ఆ దారిన ఎవ్వరూ రాలేదాండీ?"

"ఎవరు వస్తారమ్మా. రోడ్డు ఇక్కడ ఆగిపోతుంది కదా."

ఆమె నీళ్ళకేసి చూసింది. "మాకు తెలుసండీ," అంది. తిరిగి లంకవాళ్ళ పడవ దగ్గరికి వెళ్ళిపోయింది.

ముస్తాక్‌కి తొమ్మిది నెలల శిక్ష పడింది. అప్పీలు చెయ్యనన్నాడు. తాతాజీ ఉద్యోగం పోయింది. సత్యానందాన్ని హెడ్ కానిస్టేబులుగా దించి పెదపాడు పంపించారు. వెళ్ళేముందు ఇంజనీరాఫీసుకి పోయి అబ్రహాం అర్జీ ఉందా అని అడిగాడు. ఉంది. పదకొండూ ఉన్నాయి. పన్నెండోది తన చేత్తో రాసి, కింద తన పేరు పెట్టాడు.

మరుసటి ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మామూలు పంచె కట్టుకుని గుల్లరేవులో దిగాడు. లంక స్కూల్లో ఇప్పుడు సువర్ణ పాఠాలు చెపుతోందని విన్నాడు. ఆమెని చూడాలని బయల్దేరాడు గాని ఏం మాట్లాడాలో తెలియదు.

పెద్దిరాజు పడవలో ఎనిమిదిమంది ఉన్నారు. గంపలు, కోళ్ళు, ఒక ముసలాయన. పెద్దిరాజు అతన్ని చూశాడు. గుర్తుపట్టాడు. చోటు చూపించి గడ తీశాడు.

నీళ్ళ మధ్యకి వచ్చాక సత్యానందం లేచి, గడ వేస్తున్నవాడి పక్కకి వెళ్ళాడు. జనానికి వినపడకుండా, మెల్లిగా అన్నాడు.

"పెద్దిరాజూ, నన్ను క్షమించయ్యా."

పెద్దిరాజు గడ వేస్తూనే ఉన్నాడు. తల తిప్పలేదు. సత్యానందం ఆగాడు. మళ్ళీ అన్నాడు. జవాబు లేదు. కోపమనుకున్నాడు. న్యాయమే అనుకున్నాడు.

"అటుపక్క నుంచి ఏం చెప్పినా వినపడదు బాబూ," అంది గంప పట్టుకున్న ఒక ఆవిడ. "ఎడం చెవి పోయింది గదా. ఇటొచ్చి గట్టిగా చెప్పండి."

పడవలో అందరూ అతనికేసి చూశారు.

సత్యానందం గంపలు దాటుకుంటూ, పడవ ఊగుతుంటే భుజాలు పట్టుకుంటూ, కుడిపక్కకి వెళ్ళాడు. ఊపిరి తీసుకున్నాడు. అందరికీ వినపడేలా, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.